పదేళ్ల లగ్జరీ సెడాన్ 10 లక్షలకే వస్తోందా? టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడండి

కొత్తగా కొన్నప్పుడు 40 లక్షలు. పదేళ్లు తిరిగాక అదే కారు 10 లక్షలకు అటూ ఇటూ. అంటే ఓ కొత్త హ్యాచ్‌బ్యాక్ టాప్ మోడల్‌కు పెట్టే డబ్బుతోనే బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ బెంజ్ సీ క్లాస్, ఆడి ఏ4 లాంటి సెడాన్ ఇంటి ముందుకు వచ్చేస్తుంది. "అన్నా, డాక్టర్ గారి కారు.. సింగిల్ ఓనర్.. మొత్తం షోరూం ట్రాక్" అని కన్సల్టెన్సీలో చెప్పగానే చాలామంది అక్కడికక్కడే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తుంటారు. ఇంతమంది డాక్టర్లు ఒకేసారి కార్లు అమ్మేస్తున్నారా అన్న డౌట్ మాత్రం ఆ టైంలో ఎవరికీ రాదు.

అసలు కథ కారు ఇంటికొచ్చాక మొదలవుతుంది. డ్యాష్‌బోర్డులో ఓ పసుపు లైటు వెలుగుతుంది. మెకానిక్ చెప్పే రేటు విని ఇంట్లో గొడవ మొదలవుతుంది.

రేటు పడింది.. పార్టుల రేటు పడలేదు

పాతబడే కొద్దీ కారు ధర పడిపోతుంది. కానీ దాని హెడ్‌లైట్, టర్బో, గేర్‌బాక్స్ ధరలు అలా పడవు. అవి ఇప్పటికీ 40 లక్షల కారు పార్టులే. కాబట్టి పాత లగ్జరీ సెడాన్‌ను చెక్ చేయడం అంటే బాగుందా, లేదా అని చూడటం కాదు. ఏ పార్టు చివరి దశలో ఉంది, దాన్ని మార్చడానికి ఎంత అవుతుంది అని రూపాయల్లో లెక్క వేయడం. 10 లక్షలు చెప్తున్న కారుకు చూడగానే 2 లక్షల పని కనిపిస్తే అది 12 లక్షల కారు అన్నమాట. అదే మోడల్ మంచి కండిషన్‌లో 11 లక్షలకు దొరుకుతుంటే 10 లక్షలది చీప్ కాదు, ఖరీదైనది.

లోన్ పెట్టి కొనేవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. బ్యాంకు కారు కొనడానికి లోన్ ఇస్తుంది గానీ, గేర్‌బాక్స్ బాగు చేయించుకోవడానికి ఇవ్వదు. ఉన్న డబ్బంతా కారు మీదే పెట్టేసి, మొదటి ఏడాది రిపేర్లకు చేతిలో ఏమీ ఉంచుకోకపోతే ఆ కారు షెడ్డులోనే ఉండిపోతుంది.

చల్లారిన ఇంజిన్‌నే చూడాలి

కారు చూడటానికి వెళ్లేది పొద్దున్నే అయితే మంచిది. అమ్మే వ్యక్తికి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే మొదట చేయాల్సిన పని బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడటం. వేడిగా ఉందంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేశారు. ఎందుకు చేశారో అడగండి. చాలా ఇంజిన్ లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. పది నిమిషాలు నడిచి వేడెక్కాక అవే సౌండ్లు మాయమైపోతాయి.

స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు చాలా ముఖ్యం. మ్యూజిక్, ఏసీ ఆఫ్ చేసి, ఒకరు లోపల కూర్చుంటే ఇంకొకరు బయట బోనెట్ దగ్గర నిలబడాలి. గలగలమని గొలుసు ఊగినట్టు సౌండ్ వచ్చి ఆగిపోతే అది టైమింగ్ చైన్ అయి ఉండొచ్చు. వెనకాల సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. తెల్లపొగ తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తోందని అనుమానించాలి. డీజిల్ కారు గట్టిగా రేస్ చేసినప్పుడు కాస్త నల్లపొగ మామూలే అనుకుంటారు. కానీ డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న కారులో నల్లపొగ రాకూడదు. వస్తోందంటే ఫిల్టర్ పాడైందనో, ఎవరో దాన్ని తీసేశారనో అనుకోవాలి.

ఆయిల్ క్యాప్ తీసి చూడమని అందరూ చెప్తారు. మంచిదే. క్యాప్ కింద జిగురులా నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆయిల్ టైంకు మార్చలేదని తెలుస్తుంది. ఇంకో విషయం.. కొన్ని బీఎండబ్ల్యూ, ఆడి ఇంజిన్లలో అసలు డిప్‌స్టిక్కే ఉండదు. ఆయిల్ లెవెల్ స్క్రీన్ మీదే చూసుకోవాలి. అమ్మేవాళ్లను ఆ మెనూ తెరిచి చూపించమనండి.

ఏ మోడల్‌కు ఏ జబ్బు

అన్ని కార్లనూ ఒకేలా చూస్తే లాభం లేదు. ప్రతి మోడల్‌కూ దానికంటూ ఓ బలహీనత ఉంటుంది. అది తెలుసుకుని వెళ్తేనే సగం పని అయినట్టు.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేది బీఎండబ్ల్యూ 320డీ. 2007 తర్వాత వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ముందు వైపు కాకుండా వెనక, అంటే గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ముఖ్యంగా 2011 వరకూ తయారైన ఇంజిన్లలో ఈ చైన్ అరిగిపోవడం, ఒక్కోసారి తెగిపోవడం ప్రపంచవ్యాప్తంగా తెలిసిన సమస్య. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంజిన్ దాదాపు పోయినట్టే. చైన్ ఒక్కటే మార్చాలన్నా గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ కిందికి దించాలి. పార్టు ఖర్చు కంటే లేబర్ ఖర్చే భయపెడుతుంది. ఎలా గుర్తుపట్టాలంటే.. ఇంజిన్‌ను 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఉంచి వెనక వైపు, అంటే డ్యాష్‌బోర్డుకు దగ్గరగా ఉన్న భాగంలో సౌండ్ వినాలి. ఇనుము గీసుకుంటున్నట్టు వినిపిస్తే ఆ కారు వదిలేయడమే మంచిది. చైన్ మార్చామని చెప్తే బిల్లు చూపించమనండి.

ఇదే బ్రాండ్ డీజిల్ కార్లకు 2018లో ఓ పెద్ద రీకాల్ కూడా నడిచింది. ఈజీఆర్ కూలర్ నుంచి కూలెంట్ లీకై, పేరుకున్న మసితో కలిసి మంటలు రేగే ప్రమాదం ఉందని కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్ల వరకూ వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్న కారు ఆ లిస్టులో ఉందా, ఉంటే పని చేయించారా అన్నది ఛాసిస్ నంబర్ ఇస్తే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చెప్తారు. టకాటా ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ సంగతి కూడా అక్కడే అడగండి. అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

మెర్సిడెస్ పాత సీ క్లాస్‌లో, అంటే డబ్ల్యూ204 మోడల్‌లో, ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్ చాలామందిని ఇబ్బంది పెట్టింది. తాళం పెట్టి తిప్పినా ఏమీ జరగదు, కారు ఉన్నచోటే ఉండిపోతుంది. తాళం పెట్టినప్పుడు స్టీరింగ్ దగ్గర లాక్ విడిపోయే చిన్న సౌండ్ ప్రతిసారీ ఒకేలా వస్తోందా అని నాలుగైదు సార్లు చూడండి. దాని పెట్రోల్ వెర్షన్లలో, సీ200, సీ250 సీజీఐ లాంటివాటిలో, చైన్‌తో పాటు క్యామ్‌షాఫ్ట్ అడ్జస్టర్ల పళ్లు అరిగిపోతాయి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు గరగరమనే సౌండ్ దాని గుర్తు.

ఆడి ఏ4 బీ8 మోడల్ టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోల్ ఇంజిన్లు ఆయిల్ తాగుతాయన్న పేరు తెచ్చుకున్నాయి. ఓనర్‌ను సూటిగా అడగాల్సిన ప్రశ్న ఒకటే.. "సర్వీస్‌కూ సర్వీస్‌కూ మధ్య ఎన్ని లీటర్లు పోస్తున్నారు?" డిక్కీలో సగం వాడిన ఆయిల్ డబ్బా కనిపిస్తే ఇక అడగాల్సిన పనే లేదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ వెర్షన్లలో వచ్చిన మల్టీట్రానిక్ సీవీటీ గేర్‌బాక్స్ మరో తలనొప్పి. సిగ్నల్ దగ్గర ఆగి, మెల్లగా కదిలేటప్పుడు కారు వణికినా, కుదుపు ఇచ్చినా జాగ్రత్త పడాలి.

గేర్‌బాక్స్.. "లైఫ్‌టైం ఆయిల్" అన్న మాట నమ్మొద్దు

చాలా లగ్జరీ కార్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చనవసరం లేదని, అది లైఫ్‌టైం ఫిల్ అని చెప్తారు. బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్‌లలో కనిపించే 8 స్పీడ్ గేర్‌బాక్స్‌ను తయారు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని చెప్తోంది. కాబట్టి లక్ష దాటిన కారులో గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు లేదంటే ఆ పని మీ నెత్తిన పడ్డట్టే. రేటులో తగ్గించి అడగండి.

టెస్ట్ డ్రైవ్ కాలనీలో ఓ రౌండ్ వేసి ముగించకండి. కనీసం అరగంట కావాలి. ట్రాఫిక్‌లో కాసేపు, ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట స్పీడులో కాసేపు, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాసేపు నడపాలి. డీ నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డీకి మార్చినప్పుడు దబ్బుమని తగిలినట్టు అనిపించకూడదు. స్పీడ్ బ్రేకర్ మీద ముందు నుంచి టకటక వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు పోయి ఉంటాయి. మన రోడ్ల మీద పదేళ్లు తిరిగిన తక్కువ ఎత్తు సెడాన్‌కు ఇవి పోవడం వింత కాదు. అలాగని ఫ్రీగా అయ్యే పని కూడా కాదు.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద కార్లు.. ఎస్ క్లాస్, 7 సిరీస్ లాంటివి.. చూస్తున్నట్టయితే రాత్రంతా ఆగి ఉన్న కారునే చూడాలి. పొద్దున్నకు ఓ మూల కిందికి కూర్చుండిపోయి ఉంటే ఎయిర్ స్ప్రింగ్ లీకవుతోంది. ఇంజిన్ ఆన్ చేయగానే అది పైకి లేచి మామూలుగా అయిపోతుంది. అందుకే స్టార్ట్ చేయకముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

వరదలో మునిగిందేమో చూడండి

తెలుగువాళ్లు దీన్ని అస్సలు లైట్ తీసుకోకూడదు. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ.. మూడు చోట్లా కార్లు నీళ్లలో మునిగాయి. అలాంటి కార్లను ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ కింద రాసేశాక కొందరు తక్కువకు కొని, కడిగి, ఆరబెట్టి, పాలిష్ చేసి మళ్లీ మార్కెట్‌లోకి తెస్తుంటారు.

మామూలు కారుకన్నా లగ్జరీ కారుకు నీళ్లు ఎందుకు డేంజర్ అంటే వైరింగ్, కంప్యూటర్ మాడ్యూళ్లు చాలావరకు కార్పెట్ కింద, సీట్ల కింద, డిక్కీ అడుగున ఉంటాయి. బీఎండబ్ల్యూ 3, 5 సిరీస్‌లలో బ్యాటరీ ఉండేదే డిక్కీలో. నీళ్లు వెళ్లిన రోజు కాకపోయినా, ఆర్నెల్లకో ఏడాదికో కనెక్టర్లు తుప్పు పట్టి ఒక్కొక్కటే మొండికేస్తాయి. ఈ రోజు పవర్ విండో, రేపు ఏబీఎస్ లైటు.

సెంటు కొట్టిన కారు ఎక్కగానే అనుమానపడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ లేకుండా పది నిమిషాలు లోపల కూర్చుంటే ముక్కిపోయిన వాసన దానంతటదే బయటపడుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపల దాగి ఉండే భాగం మీద బురద మరక ఉందంటే ఇక చెప్పేదేముంది. సీటు కింద రైలింగ్ బోల్టులకు తుప్పు, డిక్కీలో స్పేర్ వీల్ గుంట అడుగున ఎండిన మట్టి, హెడ్‌లైట్ లోపల ఆవిరి.. ఇవన్నీ చూడాలి. వైజాగ్, చెన్నై, ముంబై లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన కారైతే వరద లేకపోయినా కింద ఛాసిస్‌కు ఉప్పుగాలి తుప్పు పట్టి ఉండొచ్చు. లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే తెలిసిపోతుంది.

ఒక్కోసారి తడికి కారణం వరద కాకపోవచ్చు. సన్‌రూఫ్ డ్రెయిన్ పైపులు చెత్తతో మూసుకుపోయినా వాననీళ్లు కార్పెట్ కిందికే దిగుతాయి. కారణం ఏదైనా జరిగే నష్టం ఒకటే.

స్కానర్ పెట్టించండి.. వైట్ బోర్డు వర్క్‌షాప్ చాలదు

ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కానీ అవి ఎక్కువగా ఇంజిన్ సంగతే చెప్తాయి. ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్, స్టీరింగ్, సస్పెన్షన్ మాడ్యూళ్లు అన్నీ చదవాలంటే ఆ బ్రాండ్‌కు సరిపోయే టూల్ కావాలి. బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ, ఆడికి వీసీడీఎస్ లేదా ఓడిస్. వీటిని వాడే జర్మన్ కార్ల స్పెషలిస్ట్ గ్యారేజీలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో అయినా చేయించవచ్చు. దానికి కొన్ని వేలు ఖర్చవుతుంది. లక్షలు పెట్టేచోట అదేం ఎక్కువ కాదు. "మా మెకానిక్‌తో చూపిస్తాం, మీరు ఎందుకు వెళ్లడం" అని అమ్మేవాళ్లు అన్నారంటే ఇంకో కారు వెతుక్కోవడం మేలు.

ఓ ట్రిక్ ఉంది. అమ్మే ముందు ఎర్రర్ కోడ్లు చెరిపేసి, క్లీన్ రిపోర్ట్ చూపిస్తారు. కోడ్లు చెరిపితే ఓబీడీలో రెడీనెస్ మానిటర్లు కూడా మళ్లీ మొదటికొచ్చి ఇన్‌కంప్లీట్ అని చూపిస్తాయి. కారు కొంత దూరం రకరకాలుగా నడిచాక గానీ అవి పూర్తి కావు. కోడ్లు ఒక్కటీ లేవు, మానిటర్లు మాత్రం పూర్తి కాలేదు అంటే నిన్నో మొన్నో ఎవరో చెరిపారని అనుకోవచ్చు.

మీటర్ వెనక్కి తిప్పడం కూడా ఇలాగే దొరుకుతుంది. బీఎండబ్ల్యూ లాంటి కార్లు కిలోమీటర్లను మీటర్‌లోనే కాదు, వేరే మాడ్యూళ్లలోనూ, తాళం చెవిలోనూ దాచుకుంటాయి. స్కానర్‌లో ఒక్కోచోట ఒక్కో నంబర్ వస్తే బండారం బయటపడ్డట్టే. ఛాసిస్ నంబర్‌తో షోరూంలో సర్వీస్ హిస్టరీ తీయించి, 2019లో ఎంత, 2022లో ఎంత అని వరసగా చూసినా చాలు. మీటర్‌లో 60 వేలు ఉండి, స్టీరింగ్ తోలు నున్నగా మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు చిరిగి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి ఉంటే కళ్లనే నమ్మండి.

టైర్ల మీద నాలుగంకెల డేట్ కోడ్ చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అని అర్థం. రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చిన కారైతే నాలుగు టైర్ల ఖర్చు మామూలు టైర్లతో పోలిస్తే బాగా ఎక్కువ. ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఢిల్లీ కారు చవకే.. కానీ

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి డీజిల్ లగ్జరీ కార్లు దక్షిణాదికి వరస కట్టాయి. ధర ఆకర్షణీయంగా ఉంటుంది నిజమే. కానీ మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ మార్చుకోవాలంటే పాత ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లగ్జరీ కారుకు ఆ ట్యాక్స్ చిన్న మొత్తం కాదు. మీ ఆర్టీఏ ఆఫీసులో ఎంత కట్టాలో ముందే కనుక్కుని కారు ధరకు కలపండి. "ఢిల్లీ నంబర్‌తోనే తిప్పుకోండి సార్, ఎవరూ ఆపరు" అని చెప్పేవాళ్లు ఉంటారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం నంబర్‌తో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచకూడదు. ప్రైవేట్ కారు ఆర్‌సీ గడువు కూడా 15 ఏళ్లే. పన్నెండేళ్ల కారు కొంటే మూడేళ్లకే ఫిట్‌నెస్, రెన్యువల్ అంటూ మళ్లీ ఆర్టీఏ చుట్టూ తిరగాలి.

ఆర్‌సీలో హైపోథికేషన్ అని ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30 మీద ఓనర్ సంతకం ఉండాలి. ఆర్‌సీలో ఉన్న పేరు, ఎదురుగా ఉన్న మనిషి ఒక్కరేనా అన్నది ఆధార్‌తో చూసుకోవాలి. కన్సల్టెన్సీల్లో చాలాసార్లు ఇద్దరూ వేరు. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇన్సూరెన్స్ కాపీ అడిగితే ఓ రహస్యం తెలుస్తుంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరుతుంది. పాత కారు పాలసీలో అది సున్నా ఉంటే ఈ మధ్యే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. దేనికని అడగండి. ఆ బోనస్ అమ్మిన వ్యక్తిదే, కారుతో పాటు మీకు రాదు. పాలసీని 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవాలి. ఈలోపు యాక్సిడెంట్ జరిగితే మీ కారు డ్యామేజీకి క్లెయిమ్ ఇబ్బందుల్లో పడుతుంది.

డబ్బు మొత్తం ఇచ్చే ముందు రెండో తాళం చెవి అడిగి తీసుకోండి. అది పని చేస్తోందో లేదో అక్కడే స్టార్ట్ చేసి చూడండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తాం" అంటే, ఛాసిస్ నంబర్ చెప్పి షోరూంలో కొత్త తాళం కోడింగ్‌తో సహా ఎంతవుతుందో కనుక్కుని, ఆ మొత్తం పట్టుకుని మిగతాదే ఇవ్వండి.